అద్దాల గదా, వసారానా?

అమెరికాలో బంధువుల ఇళ్లకు వెళ్లొచ్చినవారు అక్కడి ‘మూడు కాలాల గది’ గురించి చెబుతుంటారు. ఇంటికి ఆనించి, చుట్టూ అద్దాలతో కట్టే గది అది. హీటర్ ఉండదు కనుక చలికాలం మూసేసి, మిగతా మూడు కాలాలూ వాడుకుంటారు. మన వెంకటమ్మనహళ్లిలో ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ మూసేయాల్సింది ఎండాకాలంలో. లేదంటే ఏసీ పెట్టి కరెంటు బిల్లు కట్టుకోవాలి.

ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది. నేల, సామాను కాగి వదిలే వేడి మాత్రం లోపలే చిక్కుకుంటుంది. పైగా మనం ఉన్నది 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు నడుమ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తినే ఉంటాడు. కాబట్టి అద్దపు కప్పు వద్దే వద్దు. వెలుతురు పారే ప్లాస్టిక్ షీటూ అంతే. మన తాలూకాలో తిరుమణి చుట్టూ 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది ఈ ఎండను చూసే కదా!

పాత మిద్దెల ముందుండే వసారాయే మనకు తగిన గది. తూర్పునో ఉత్తరానో వేసుకుని, అద్దాలకు బదులు దోమల జాలీ బిగిస్తే చాలు. వేడిగాలి పోవడానికి కప్పు కింద సందు వదలాలి. పడమర తప్పనిసరైతే చూరు ఒక్కటే సరిపోదు, సాయంత్రపు ఎండ దాని కిందనుంచి దూరుతుంది. నిలువుగా తడికో, తీగ పందిరో కావాలి. ఇప్పటికే అద్దాలు పెట్టించినవారు తెరలు బయటివైపు కట్టుకోవాలి. లోపల కడితే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది.