ఆ సెటప్ ఫైల్ వయసెంత?

కరీంనగర్‌లో మా అన్నది ఇంటర్నెట్ సెంటర్. ఏ కంప్యూటర్ ఫార్మాట్ చేసినా ఆయన పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డరే దిక్కు. ఆదిలాబాద్‌లో మా బావ షాపుకీ అదే కాపీ వెళ్లింది. తెరిస్తే సెటప్, సెటప్ (1), ‘విన్‌రార్ న్యూ’...

“పోయిన నెలనే ఎక్కించిన తమ్మీ, అన్నీ కొత్తయే” అన్నాడు.

పేరు ఎవరైనా మార్చొచ్చు. తేదీ చాలాసార్లు డౌన్‌లోడ్ చేసిన రోజుదే. అసలు వెర్షన్ ఫైల్ లోపలుంటుంది. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చూడొచ్చు, కానీ అరవై ఫైళ్లకి ఎవరు చూస్తారు? పవర్‌షెల్‌లో చిన్న స్క్రిప్ట్ రాశా. గెట్-ఐటమ్‌తో ఒక్కో ఫైల్ తీసుకుని, వెర్షన్‌ఇన్ఫోలోని ప్రొడక్ట్‌వెర్షన్ అడగడమే. ఈఎక్స్‌ఈలు టకటకా చెప్పేశాయి. ఎంఎస్ఐలు ఖాళీ! అవి నిజానికి చిన్న డేటాబేస్‌లు. విండోస్ ఇన్‌స్టాలర్ ఆబ్జెక్ట్‌తో తెరిచి, ప్రాపర్టీ టేబుల్‌లో వెతకాలి. గంట దానికే పోయింది.

‘విన్‌రార్ న్యూ’ 5.61 అని తేలింది. 2019లో బయటపడ్డ పాత లోపాన్ని 5.70లో, 2025లో హ్యాకర్లు వాడుకున్న ఇంకోదాన్ని 7.13లో సరిచేశారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ అవదు. జనం ఆధార్‌లు, సర్టిఫికెట్లు తెరిచేదేమో ఆ కంప్యూటర్లలోనే.

అన్న వెంటనే ఆదిలాబాద్‌కి ఫోన్ కలిపాడు. “బావా, గా ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టు. కొత్తయి కంపెనీ సైట్ల నుంచే దించుకో.”