పేలికలలోని పనితనం

బంగారానికీ, బట్టల వ్యాపారానికీ ప్రొద్దుటూరు పెట్టింది పేరు. అందుచేతనే కాబోలు, ఇక్కడ దర్జీల అంగళ్లకు కూడ కొదువ లేదు. సాయంకాలం వేళ ఏ దర్జీ అంగడి ముందు నిలబడినా కుట్టు మిషను క్రింద ఒక చిన్న గుట్ట కనిపిస్తుంది. జేనెడువి, బెత్తెడువి, వ్రేలెడంతవి, రవికెల నుండి, పరికిణీల నుండి మిగిలిన ముక్కలు. రాత్రి అంగడి మూసే ముందు ఆ గుట్ట చీపురుకట్టతో వీధిలోనికి పోతుంది. జమ్మలమడుగులోను, పులివెందులలోను ఇదే తీరు. ఆ గుట్టను గురించి విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పవలెనని ఈ వ్యాసం. అందుకు ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక కళాశాలలో హస్తకళా ప్రదర్శన జరిగింది. న్యాయనిర్ణేతలలో నేనొకడిని. ఒక విద్యార్థిని తన నానీతో కలిసి కుట్టిన బొంతను మడిచి తెచ్చింది. మరొకరు థర్మోకోలుతో తాజ్‌మహలు చేసి తెచ్చారు. ప్రథమ బహుమతి తాజ్‌మహలుకు పోయింది. బొంతను "ఇది ఇంటి వస్తువు, కళ కాదు" అని ప్రక్కన పెట్టాము. ఆ మాట అన్నది నేనే. ప్రదర్శన ముగిసిన తరువాత ఆ అమ్మాయి బొంతను చంకన పెట్టుకొని పోతూ, "దీన్ని ఉతికినా ఏం కాదు సార్" అన్నది.

ఆ మాటకు అర్థం ఇంటికి పోయి మా అమ్మను అడిగిన తరువాత గాని నాకు తెలియలేదు.

బొంతకు మూడు పొరలు. అడుగున పాత నూలు చీర. నడుమ చినిగిన లుంగీలు, దుప్పట్లు, బనియన్లు. పైన పేలికలు. నేల మీద పరచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముడతలు లేకుండ లాగి, దారంతో వరుసలు వరుసలుగా సాదా కుట్టు వేస్తారు. వరుసకూ వరుసకూ నడుమ ఎడం బొటనవ్రేలి వెడల్పును మించరాదు. మించితే ఉతికినప్పుడు లోపలి గుడ్డలు జారి ఉండలు కడతాయి. మొదటిసారి నీళ్లలో ముంచినప్పుడే కుట్టినవారి పనితనం బయటపడుతుంది. ఆ అమ్మాయి చెప్పినది అదే.

పేలికలను ఎంచుటలో ఇంకా మెలకువ కావలెను. నేతగాండ్ల ఇండ్లలో పుట్టిన విద్యార్థులకు పడుగు, పేక అంటే చెప్పనక్కరలేదు. గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. కావున ముక్కలన్నిటి పడుగు ఒకే దిక్కుకు ఉండునట్లు పేర్చవలెను. లేనిచో బొంత ఒక ప్రక్కకు ఒరిగిపోతుంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది గనుక దానిని ముందే తడిపి ఆరవేయవలెను. రంగు వదిలేదీ లేనిదీ తడి ముక్కను తెల్ల గుడ్డ మీద అదిమి చూస్తే తెలిసిపోతుంది. పాలిస్టరు ముక్కలు చెమటను పీల్చవు, సూది క్రింద జారుతాయి. ఇప్పుడు దర్జీ గుట్టలో అవే ఎక్కువ. బొంతలు తగ్గిపోవడానికి దుకాణపు కంబళ్లతో పాటు ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలనే ఆఫ్రికా సంతతివారు ఉన్నారు. వారిలో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు కూడ కలరు. వారి స్త్రీలు కుట్టే 'కవంది' మన బొంతకు చెల్లెలు. అంచు నుండి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న ముక్కలు కుట్టి వాటిని పూలంటారు. ఆ పూలు లేని కవంది వారి కంటికి బోసి. అమెరికాలో, అలబామా రాష్ట్రపు జీస్ బెండ్ అనే పల్లెలో, బానిసల సంతతికి చెందిన నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియం వారు గోడలకు తగిలించి చూపారు. 2006లో ఆ దేశపు తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్లలు వేసింది. అక్కడి న్యాయనిర్ణేతలు మాకంటె తెలిసినవారని వేరుగా చెప్పనక్కరలేదు.

బొంతకు చాలని చిన్న ముక్కలతో పూలు చేయవచ్చు. గాజును గుడ్డ మీద పెట్టి చుట్టూ గీత గీసి కత్తిరించవలెను. అంచును కొద్దిగా మడిచి చుట్టూ దారం ఎక్కించి లాగితే గుడ్డ ముడుచుకొని గుండ్రని పూవవుతుంది. పూవు కత్తిరించిన ముక్కలో సగానికి కొంచెం తక్కువగా వస్తుంది. ఇట్టివి దారానికి గ్రుచ్చితే గుమ్మానికి తోరణం.

ఉర్దూ విద్యార్థులు 'మురఖ్ఖా' అనే పదం వినే ఉంటారు. చిత్తరువులను, అందమైన దస్తూరిని అతికించిన సంపుటమని ఒక అర్థం, సూఫీలు తొడిగే అతుకుల అంగీ అని మరొకటి. గుడ్డకూ కాగితానికీ చుట్టరికం ఆ మాటలోనే కాదు, పదార్థంలోనూ ఉన్నది. ఎనిమిదవ శతాబ్దం నుండి సమర్ఖందులోను, బాగ్దాదులోను పేలికలను నానబెట్టి, దంచి కాగితం చేసేవారు. మన దక్కనులో దౌలతాబాదు సమీపాన కాగజీపుర అనే ఊరున్నది. ఆ ఊరి వృత్తి ఏదో పేరే చెబుతుంది.

దంచే ఆ విద్య మన ఇండ్లలోనూ వేరొక రూపంలో ఉన్నది. పాత వార్తాపత్రికలను, పనికిరాని నోట్సును (ఎవరి నోట్సు అని అడుగవద్దు) రెండు మూడు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా దంచుతారు. మెంతులలోని జిగురు గుజ్జును పట్టి ఉంచుతుంది. బోర్లించిన బిందెకు తడి గుడ్డ చుట్టి, దానిపై గుజ్జును సమంగా మెత్తి ఆరనిస్తే బుట్ట తయారవుతుంది. మొదటి రోజు నీడలోనే ఆరవలెను. మన కడప ఎండలో ఒకేసారి పెడితే పగులుతుంది. నునుపు కాగితం గుజ్జు కాదు. అందుకు వారపత్రికల అట్టలు పనికిరావు. వెదురు చేటల సందులు మూయడానికీ ఇదే గుజ్జు.

కళాశాల కమిటీ వారికి నా మనవి: రాబోయే ప్రదర్శనలో బొంతకు, బుట్టకు ఒక బల్ల కేటాయించి, వాటిని చేసిన తల్లులను, అవ్వలను, నానీలను న్యాయనిర్ణేతలుగా పిలవవలెను. విద్యార్థులకు: దర్జీకి ఒక సంచి ముందే ఇచ్చి పెట్టండి, నూలు ముక్కలు వేరుగా వేయమని చెప్పండి. అంగడి మూయక మునుపే పోవలెను. చీపురు తగిలిన తరువాత ఏరుకొనుట కష్టం.