గ్యాస్ సంగతి తర్వాత, ముందు తలుపు రబ్బరు చూడండి

చోడవరంలో ఎవరింట్లోనైనా ఫ్రీజర్ సరిగా గడ్డకట్టడం లేదంటే పక్కింటివాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ఒకటే: "గేసు అయిపోనాదేమో!" ఆ మాట మీదే మెకానిక్‌కి ఫోన్ వెళ్తుంది, వేలల్లో బిల్లవుతుంది. గ్యాస్ నిజంగా లీకయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ మన ప్రాంతంలో ఫ్రీజర్ పెట్టే తిప్పల్లో చాలావాటికి మూలం తేమగాలి, తలుపు, కరెంటు. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారాం గానీ ఉక్కపోత మాత్రం మారలేదు. సముద్రం మీది చెమ్మ ఇక్కడిదాకా వస్తూనే ఉంటుంది. ఆ చెమ్మే ఫ్రీజర్‌కి మొదటి శత్రువు.

అపోహ: ఏళ్ళు వాడేసరికి గ్యాస్ ఖర్చయిపోతుంది.

వంటగ్యాస్ అయిపోతుంది కాబట్టి ఇదీ అలాగే అయిపోతుందనుకుంటాం. ఫ్రిజ్‌లో గ్యాస్‌ని వంటగ్యాస్‌లా మండించడం ఉండదు, అది ఖర్చవదు. సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది, వెనకో పక్కనో ఉన్న గొట్టాల్లో అది వేడిని వదిలి ద్రవమవుతుంది, సన్నటి గొట్టం దాటి ఫ్రీజర్‌లోకి వచ్చి ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మొత్తం కలిపి కొన్ని పదుల గ్రాములే. అది తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందనే అర్థం. ఆ చిల్లు వెతకకుండా "గ్యాస్ ఎక్కించేస్తాను" అనే మెకానిక్ మీకు మళ్ళీ కనబడక తప్పదు. సరైన పద్ధతి ఏమిటంటే, లీకు మూసి, లోపలి గాలీ తేమా పంపుతో లాగేసి, తూకం వేసి గ్యాస్ నింపాలి. ఐసోబ్యూటేన్ మండే వాయువు కూడా. వంటింట్లో స్టవ్ పక్కన టార్చి వెలిగించి అతుకు వేస్తానంటే ఒప్పుకోకండి. మీ ఫ్రిజ్‌లో ఏ గ్యాసుందో వెనక స్టిక్కరు మీద రాసి ఉంటుంది.

ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తు ఒకటుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఐస్ కరిగించి, మళ్ళీ ఆన్ చేసి, కొన్ని గంటల తర్వాత ఫ్రీజర్ పెట్టె గోడలు చూడండి. మంచు ఒక మూల మాత్రమే పట్టి, మిగతా గోడలు పొడిగా ఉండి, కంప్రెసర్ ఆగకుండా ఆడుతూ ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించవచ్చు. గోడలన్నిటికీ మంచు సమానంగా పడుతుంటే గ్యాస్ సంగతి పక్కన పెట్టి తలుపు దగ్గరికి రండి.

అపోహ: ఐస్ ఎంత మందంగా పేరుకుంటే ఫ్రీజర్ అంత బాగా పనిచేస్తున్నట్టు.

సరిగ్గా తిరగేసి చెప్పుకోవాల్సిన మాట ఇది. ఆ ఐస్ మీరు పోసిన నీళ్ళది కాదు, బయటి గాలిలో తేమ లోపలికొచ్చి గడ్డకట్టింది. వినాయక చవితికి మన ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడి దర్శనానికి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కుండదు. తెరిచిన ప్రతిసారీ ఇంత చెమ్మ లోపలికి పోతుంది. మూత పెట్టకుండా వేడి పులుసు గిన్నె పెట్టినా అంతే. పేరుకున్న ఐస్ చల్లటి గొట్టాలకీ సరుకుకీ మధ్య అడ్డుగోడై కూర్చుంటుంది. అర సెంటీమీటరు దాటితే కరిగించాల్సిందే.

నాలుగు రోజులకే మళ్ళీ పేరుకుపోతోందంటే తలుపు రబ్బరు చూడండి. పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగండి. పట్టుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారిపోయి వస్తే అక్కడ సందున్నట్టు. నాలుగు పక్కలా చూడాలి. అడుగున, తలుపు మడత దగ్గర ముఖ్యంగా చూడాలి. పాలచుక్కలూ పచ్చడి నూనే పట్టి రబ్బరు గట్టిపడేది అక్కడే. సబ్బునీళ్ళతో తుడిచి, వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాసేపు కాపడం పెడితే వంకర పోయిన రబ్బరు చాలాసార్లు దారికొస్తుంది. చిరిగితే మాత్రం మార్చాలి.

ఐస్ తీయడానికి కత్తి, స్క్రూడ్రైవర్, అట్లకాడ పట్టుకోవద్దు. ఫ్రీజర్ పెట్టె గోడ పలచటి అల్యూమినియం, గ్యాస్ తిరిగే దారులు అందులోనే ఉంటాయి. గోడలో కత్తి దిగిందంటే "గేసు అయిపోవడం" అప్పుడు నిజంగానే జరుగుతుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగి, ఐస్ కరిగాక తనే మళ్ళీ మొదలవుతుంది. తొందరైతే ప్లగ్ తీసేసి, లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టి తలుపు తీసి ఉంచండి, కింద పాతగుడ్డ పరచండి.

అపోహ: ఫ్రాస్ట్ ఫ్రీ కొన్నాం కాబట్టి ఐస్ గొడవే లేదు.

అందులో ఐస్ పట్టకపోవడం కాదు, మన కంటికి కనబడని చోట, వెనక పలక చాటున పడుతుంది. కొన్ని గంటలకోసారి ఒక హీటర్ వెలిగి దాన్ని కరిగిస్తుంది, ఆ నీళ్ళు సన్నటి గొట్టంలోంచి వెనక పళ్ళెంలోకి పోతాయి. ఆ రంధ్రం మూసుకుపోతే నీళ్ళు కూరగాయల ట్రేలోకి దిగుతాయి. "ఫ్రిజ్ కారుతోంది, కంప్రెసర్ పోయింది" అని కంగారు పడక్కర్లేదు. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చటి నీళ్ళు ఆ రంధ్రంలోకి కొడితే చాలాసార్లు దారి క్లియరవుతుంది.

దీంట్లోనే ఇంకో చిక్కుంది. పైన ఫ్రీజర్ చల్లగానే ఉంటుంది, కింద పాలు విరిగిపోతుంటాయి. ఇలాంటప్పుడు సరుకు తీసి, ప్లగ్ పీకి, తలుపులు బార్లా తీసి ఒక రోజంతా వదిలేయండి. మళ్ళీ పెట్టాక కొన్ని రోజులు బాగా నడిచి మళ్ళీ మొరాయిస్తే, హీటరో టైమరో సెన్సరో పోయి వెనక ఐస్ పేరుకుంటోందన్నమాట. ఈ సంగతి మెకానిక్‌కి ముందే చెప్పండి. గ్యాస్ తక్కువైన ఫ్రిజ్ ఒక రోజు విశ్రాంతితో బాగుపడదు.

అపోహ: పక్క గోడలు కాలుతున్నాయి, లోపల ఏదో మాడిపోతోంది.

చాలా మోడళ్ళలో వేడి వదిలే గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి, కాబట్టి వెచ్చదనం మామూలే. గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదలండి, స్టవ్‌కి దూరంగా పెట్టండి. స్టిక్కరు మీద 'టి' అని ఉంటే 43 డిగ్రీల వేడి దాకా, 'ఎస్‌టి' అని ఉంటే 38 దాకా తట్టుకునేలా చేశారని అర్థం. మే నెలలో పడమటి ఎండ పడే గదిలో పెట్టుకునేవాళ్ళు కొనేముందు ఇది చూడాలి. నాబ్ మీది అంకెలు మాత్రం డిగ్రీలు కావు. అంకె పెంచితే వేగంగా చల్లబడదు, కంప్రెసర్ ఎక్కువసేపు ఆడుతుందంతే.

అపోహ: స్టెబిలైజర్ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది.

తగ్గదు, అది కూడా కొంచెం తింటుంది. దాని పని వేరు. సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు కంప్రెసర్ తిరగలేక 'టిక్కు'మని ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ ప్రయత్నించి మళ్ళీ 'టిక్కు'మంటుంది. ఆ చప్పుడు వింటే వెంటనే ఆపేయండి. కరెంటు పోయి వచ్చాక మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగి స్విచ్ వేయాలి, గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది. మంచి స్టెబిలైజర్ ఆ ఆలస్యం తనే పెడుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవి ఎంత వోల్టేజీ దాకా తట్టుకుంటాయో స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మన ఇంటి వోల్టేజీ ఆ పరిధిలోనే ఉంటే స్టెబిలైజర్ ఖర్చు అనవసరం.

అపోహ: కరెంటు పోతే లోపల ఎలా ఉందో మాటిమాటికీ చూస్తుండాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టిన తర్వాత విశాఖ చుట్టుపక్కల చాలా ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తలుపు తీయకుండా ఉండగలగడమే పెద్ద ఉపాయం. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ మూసి ఉంచితే సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు గడ్డ నిలుపుకుంటుంది. ఫ్రిజ్ భాగం నాలుగు గంటలే. ఒంటి తలుపు ఫ్రిజ్ లోపలి చిన్న పెట్టెకి ఈ 48 గంటల లెక్క వర్తించదు. తుఫాను కబురు వినగానే ఖాళీ చోట్లలో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టుకోండి, కాస్త వెలితి వదిలి నింపండి. ఊరెళ్ళే ముందు ఒక గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ అడుగుకి దిగి ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. పైకి గట్టిగానే ఉన్నా ఆ మాంసం, చేప పారేయాల్సిందే.

అపోహ: ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయి.

ఎక్కువ శాతం చావవు, నిద్రపోతాయి. కరగగానే లేస్తాయి. ట్యూనా జాతి చేపలు వెచ్చగా నిలవుంటే వాటిలో పుట్టే హిస్టమిన్ గడ్డకట్టించినా పోదు, ఉడికించినా పోదు. అందుకే పూడిమడకలోనో విశాఖ హార్బర్‌లోనో కొన్న చేప ఇంటికొచ్చేదాకా ఐసు మధ్యే ఉండాలి. వంజరం మీద తెల్లగా ఎండిన మచ్చలు కనిపిస్తే మాత్రం భయపడకండి, అది గాలి తగిలి తేమ ఆరిపోవడం. రుచి తగ్గుతుంది గానీ విషం కాదు. గాలి లేకుండా కవరు బిగించి కడితే రాదు. కరిగిన చేపని మళ్ళీ గడ్డకట్టించకూడదనే మాట కూడా సగమే నిజం. ఫ్రిజ్ కింది అరలో చల్లగానే కరిగి, ఇంకా ఐస్ పలుకులు కనబడుతుంటే మళ్ళీ పైన పెట్టుకోవచ్చు, కాస్త మెత్తబడుతుందంతే. వంటింటి గట్టు మీద రెండు గంటలు దాటి ఉన్నదైతే మళ్ళీ ఫ్రీజర్‌లోకీ వద్దు, పొయ్యి మీదకీ వద్దు.