రెండు ఊళ్ల నీడలు, ఒక భూమి

బడి వదిలాక మీరేం చేస్తారు? ఆడుకుంటారు, ట్యూషన్‌కు వెళతారు, ఇంటి పనుల్లో సాయం చేస్తారు. ఈమధ్య నగరాల్లో రోబోటిక్స్, అబాకస్ వంటి శిక్షణ తరగతులు కూడా పెరిగాయి. వాటిలో చేరాలంటే ఫీజు కట్టాలి. మరి కట్టలేని ఇంటి పిల్లల సంగతేమిటి? పాఠ్యపుస్తకానికి మించి స్వయంగా ఏదైనా చేసి తెలుసుకునే అవకాశం వారికి లేనట్లేనా?

అలా అనుకోనవసరం లేదు. ఒక కర్ర, దారం, స్కేలు, నోటుపుస్తకం ఉంటే భూమి చుట్టుకొలతను కూడా మీరే లెక్కకట్టవచ్చు. కాకపోతే అది ఒక్క ఊరి పిల్లల వల్ల అయ్యే పని కాదు. దూరాన మరో ఊళ్లో మరో జట్టు ఉండాలి. గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుని ఇది ఎలా చేయాలో చూద్దాం.

కోసాడ్ నుంచి కరీంనగర్‌కు

కోసాడ్ సూరత్‌కు ఉత్తర భాగంలో, తపతి నదికి ఆవలి వైపున ఉంది. ముంబయి–అహ్మదాబాద్ రైలుమార్గంలో అదొక చిన్న స్టేషను. ఒకప్పుడు విడి గ్రామం, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం నగరపాలక సంస్థ ఇక్కడ బహుళ అంతస్తుల ఇళ్లు కట్టించింది.

సూరత్‌కు మనవాళ్లతో సంబంధం పాతదే. తెలంగాణ జిల్లాల నేతపని కుటుంబాలు మరమగ్గాల పనికోసం ఏళ్ల తరబడి అక్కడికి వలస వెళ్లాయి. లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది. నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడిపింది. ఆ ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. సెలవులొస్తే అమ్మమ్మగారి ఊరికి రైలెక్కుతారు.

రెండు ఊళ్ల మధ్య పెరగడం చదువుకు అడ్డంకి అని పెద్దలు అంటుంటారు. కానీ మన ప్రయోగానికి కావలసింది సరిగ్గా అదే! కోసాడ్‌లో ఒక జట్టు, కరీంనగర్‌లో ఒక జట్టు ఉన్నాయనుకుందాం. రెండు జట్లకూ ఒకే సూర్యుడు. అయినా ఒకే రోజు మధ్యాహ్నం రెండు చోట్లా నీడలు ఒకే పొడవు ఉండవు. ఎందుకని?

ఎరటోస్తనీస్ ఆలోచన

భూమి బల్లపరుపుగా ఉండి, సూర్యుడు ఎంతో దూరాన ఉంటే, అన్ని ఊళ్లలోనూ నీడలు సమానంగా ఉండాలి. అలా లేవంటే భూమి వంపు తిరిగి ఉందన్నమాట. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈ తేడాతోనే భూమిని కొలిచాడు. ఈజిప్టులోని సైయీన్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజున, ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో కిరణాలు నిలువుకు సుమారు 7.2 డిగ్రీల వాలులో పడ్డాయి. పూర్తి వృత్తం 360 డిగ్రీలు, 7.2 అందులో 50వ వంతు. కాబట్టి ఆ రెండు ఊళ్ల మధ్య దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత అవుతుందని అతడు లెక్కకట్టాడు.

మీరు చేయవలసింది

ఎండ బాగా కాసే మార్చి 21 ప్రాంతం ఇందుకు అనువైనది. మట్టంగా ఉన్న నేలను ఎంచుకోండి. నేల మీద గోళీ పెట్టి చూడండి. దొర్లిపోతే ఆ చోటు పనికిరాదు. మేడ మీద చేసేటట్లయితే పెద్దలు తోడుండాలి. సూర్యుని వంక నేరుగా ఎట్టి పరిస్థితిలోనూ చూడకండి.

మీటరు ఎత్తున్న కర్రను నిలువుగా పాతండి. మామూలుగా అయితే దాని నీడ కొసను కొలుస్తాం. అయితే ఆ కొసను జాగ్రత్తగా గమనించండి, అది మసకగా కనిపిస్తుంది. సూర్యుడు చుక్క కాదు, మనకు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల నీడ అంచు ఒక సెంటీమీటరు మేర చెదిరిపోతుంది.

దీనికి ఒక ఉపాయముంది. కర్ర పైన అట్టముక్కను నేలకు సమాంతరంగా, కాస్త ముందుకు వచ్చేటట్లు అతికించండి. అందులో పెన్సిల్ మొనతో 3 మి.మీ. రంధ్రం చేయండి. అట్ట నీడ మధ్యలో గుండ్రటి వెలుగుచుక్క పడుతుంది. అది సూర్యబింబమే! రంధ్రంలోంచి దారానికి రాయి కట్టి వేలాడదీసి, అది నేలను తాకిన చోట గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి వెలుగుచుక్క నడిమికి ఉన్న దూరమే మీరు కొలవవలసిన నీడ. ఎత్తును కూడా రంధ్రం నుంచే కొలవాలి.

గడియారంలో 12 కొట్టగానే కొలిస్తే చాలదా? చాలదు. మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి. సూర్యుడు మాత్రం ఒక్కో ఊరికి ఒక్కో వేళ నడిమధ్యకు వస్తాడు. ఆ రోజుల్లో కరీంనగర్‌కు సుమారు 12.21కి, కోసాడ్‌కు సుమారు 12.46కి వస్తాడు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. రెండు ఊళ్ల రేఖాంశాల తేడా 6 డిగ్రీల పైచిలుకు కాబట్టి 25 నిమిషాలు. ఆయా వేళలకు పావుగంట ముందు మొదలుపెట్టి, రెండు నిమిషాలకొకసారి గుర్తు పెడుతూ పోండి. అన్నిటికంటే పొట్టి నీడే మీకు కావలసినది.

లెక్క చూద్దాం

విషువత్తు నాడు కోసాడ్‌లో మీటరు ఎత్తుకు సుమారు 38.8 సెం.మీ., కరీంనగర్‌లో 33.3 సెం.మీ. నీడ రావాలి. నీడను ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఆ కోణపు టాంజెంట్. పట్టికలో చూస్తే కోణాలు 21.2, 18.4 డిగ్రీలు. తేడా 2.8 డిగ్రీలు. చిన్న తరగతుల పిల్లలు ఈ ఒక్క మెట్టు వరకు పై తరగతివారి సాయం తీసుకోవచ్చు.

ఇక రెండు ఊళ్ల మధ్య దూరం కావాలి. రైలు దూరం పనికిరాదు. కోసాడ్ కరీంనగర్ కంటే ఉత్తరంగా ఎంత దూరాన ఉందో పటంలో కొలవాలి. అది సుమారు 310 కి.మీ.

310 × 360 ÷ 2.8 = 39,857 కి.మీ.

ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008 కి.మీ. ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా!

"ఆ పటాన్ని తయారుచేసిందే భూమిని కొలిచాక కదా, ఇందులో మనం కనిపెట్టిందేముంది?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసుతో ఆధారరేఖను కొలిచి, అక్కడి నుంచి త్రిభుజాల మీద త్రిభుజాలు అల్లుకుంటూ దేశాన్ని కొలిచే పని సాగించాడు. మన పటాల వెనుక అంతటి శ్రమ ఉంది. వారు చెప్పినది మీ ఇంటి ముందు నీడతో సరిపోతుందో లేదో మీరు పరీక్షిస్తున్నారు.

ఒక సెంటీమీటరు విలువ

కోసాడ్ జట్టు నీడను ఒక్క సెంటీమీటరు తప్పుగా కొలిచిందనుకోండి. కోణంలో అర డిగ్రీ తేడా వస్తుంది. 2.8 కాస్తా 2.3 అయితే భూమి 48,500 కి.మీ.కు ఉబ్బిపోతుంది, 3.3 అయితే 33,800కు కుంచించుకుపోతుంది! వెలుగుచుక్క ఉపాయం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? కర్ర ఎత్తు రెండు మీటర్లు చేస్తే అదే తప్పు ప్రభావం సగానికి తగ్గుతుంది. నలుగురు విడివిడిగా కొలిచి సగటు తీస్తే ఇంకా మేలు. జవాబు తప్పు వస్తే సిగ్గుపడకండి, దిద్దకండి. తప్పు ఎక్కడ దొర్లిందో వెతకండి. పరీక్షల్లో మార్కులు రాని ఈ వెతుకులాటే విజ్ఞానశాస్త్రంలో అసలు పని.

సెలవుల్లో వెళ్లేవారికి మరో వింత. మే మూడో వారంలో సూర్యుడు ఈ రెండు ఊళ్ల అక్షాంశాలకు మధ్యన ఉంటాడు. అప్పుడు మధ్యాహ్నం నీడ కోసాడ్‌లో ఉత్తరానికి, కరీంనగర్‌లో దక్షిణానికి పడుతుంది! ఆ రోజుల్లో కోణాలను తీసివేయాలా, కలపాలా? ఆలోచించండి.

మీ జట్టును ఎలా నిలబెట్టాలి?

ఖర్చులేని పరికరాలతో పిల్లలే ప్రయోగాలు చేయవచ్చని 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన కార్యక్రమం చూపించింది. మన దగ్గర 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక ఇదే దారిలో పనిచేశాయి. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలను తమ పరిసరాల్లోని సమస్యనే పరిశోధనాంశంగా తీసుకోమంది. సూరత్ పిల్లలకు 2009లో నగరపాలక సంస్థ తెరిచిన సైన్స్ సెంటర్, అందులోని నక్షత్రశాల ఉన్నాయి. చూడదగినవే. కాని చూసి రావడంతో పని అయిపోదు.

అయిదారుగురు చేరండి. వారానికి ఒక సాయంత్రం, ఒకే చోటు, ఒకే నోటుపుస్తకం పెట్టుకోండి. లెక్కల మాస్టారినో, కాలేజీలో చదివే అన్ననో, అక్కనో అడగండి. దూరపు ఊళ్లో ఉన్న బంధువుల పిల్లలకు కబురు పెట్టండి. తేదీ, వేళ, ఎత్తు, నీడ, కొలిచినవారి పేరు, అన్నీ రాయండి. గుజరాతీలో రాసినా తెలుగులో రాసినా సెంటీమీటర్లు మారవు.

మీ ఊరి నీడ పొడవెంతో రేపు మధ్యాహ్నమే కొలిచి చూడండి.