బడి పళ్లెం నుంచి బడి గేటు వరకు: పోషకాహార నిబంధనల అమలు

పాఠశాలలో విద్యార్థికి ఆహారం రెండు మార్గాల్లో లభిస్తున్నది. ఒకటి, ప్రభుత్వం వడ్డించే మధ్యాహ్న భోజనం. రెండవది, క్యాంటీన్‌లో గానీ గేటు ముందరి బండ్ల వద్ద గానీ కొనుక్కునే చిరుతిండి, శీతల పానీయాలు. పోషకాహార నిబంధనలు రెండింటికీ వర్తిస్తాయి. మొదటిదానికి ‘ఎంత పెట్టాలి’ అని, రెండవదానికి ‘ఏది అమ్మరాదు’ అని అవి నిర్దేశిస్తున్నాయి.

పళ్లెంలో ఏముండాలి?

ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం వడ్డించాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ పథకం ప్రారంభమైంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాథమిక తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులను, ప్రాథమికోన్నత తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులను ప్రమాణంగా నిర్ణయించింది.

వంటశాలలో అమలుకు వీలుగా ఈ ప్రమాణాన్ని దినుసుల తూకంగా మార్చారు. ప్రాథమిక విద్యార్థి ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ప్రాథమికోన్నత విద్యార్థికి వరుసగా 150, 30, 75, 7.5 గ్రాములు. చిన్న పిల్లలకు అందవలసిన 12 గ్రాముల మాంసకృత్తులలో మూడవ వంతుకు పైగా ఆ 20 గ్రాముల పప్పు నుంచే రావాలి. కనుక పప్పు పలుచనైతే తగ్గేది రుచి మాత్రమే కాదు. ఒక కోడిగుడ్డుతో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు అదనంగా లభిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో గుడ్డుతో పాటు వేరుశనగ చిక్కీ, రాగిజావ కూడా భోజన పట్టికలో చేరాయి.

గేటు వద్ద ఏది నిషిద్ధం?

ఢిల్లీ హైకోర్టు 2015లో ఇచ్చిన ఆదేశాల అనంతరం భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 సెప్టెంబరులో ప్రత్యేక నిబంధనలు జారీ చేసింది. ఇవి 2021 జులై 1 నుంచి అమలులోకి వచ్చాయి. సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, అదనపు చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపు ఏ దిశలోను అమ్మరాదు. ఉచితంగా పంచరాదు, ప్రచారం చేయరాదు. ఈ మేరకు ప్రవేశ ద్వారం వద్ద బోర్డు ఉండాలి. క్యాంటీన్‌ను పాఠశాల స్వయంగా నడిపినా ఆహార వ్యాపారిగా నమోదు తప్పనిసరి.

ఈ నిషేధానికి కారణం సుస్పష్టం. సాధారణ కోలా పానీయం 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాములు, అనగా ఆరు చెంచాల చక్కెర ఉంటుంది, మాంసకృత్తులు ఉండవు. విరామంలో దానితో కడుపు నింపుకున్న విద్యార్థి పళ్లెంలోని పప్పన్నాన్ని వదిలివేసే అవకాశమున్నది. పిల్లలలో చక్కెర వినియోగంపై అవగాహన కల్పించే ‘షుగర్ బోర్డు’లను ఏర్పాటు చేయాలని 2025 మే నెలలో సీబీఎస్ఈ తన పాఠశాలలను ఆదేశించింది.

తనిఖీలో గమనించవలసినవి

ప్యాకెట్ ఆహారంపై చక్కెర, కొవ్వు, సోడియం వివరాలు లేబుల్‌లోనే ఉంటాయి. బండిపై వేయించే బజ్జీకి లేబుల్ ఉండదు. అక్కడ ఆహార భద్రతా అధికారి పరీక్ష, స్థానిక సంస్థ పర్యవేక్షణ అవసరం. ప్రధానోపాధ్యాయుడు ఆవరణకు బాధ్యుడు. గేటు బయట ఆయనకు ఈ శాఖల సహకారం ఉండాలి. వంటశాలలో తూకం, ద్వారం వద్ద బోర్డు, 50 మీటర్ల పరిధి: ఈ మూడింటినీ అధికారులు గానీ పాత్రికేయులు గానీ స్వయంగా పరిశీలించవచ్చును. నిబంధన కాగితంపై ఉన్నదా, పిల్లవాని పళ్లెం వరకు చేరినదా అన్నది అక్కడే తేలుతుంది.