ఆరు రోజుల్లో ఐదు గెలుపులు: చిన్న కాలేజీల పెద్ద రికార్డులు

1899 నవంబర్ 9, గురువారం. టెక్సాస్ యూనివర్సిటీని ఆస్టిన్‌లో సెవానీ కాలేజీ జట్టు 12-0తో ఓడించింది. మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 10-0. శనివారం న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. చర్చి నడిపే కాలేజీ కాబట్టి ఆదివారం ఆట లేదు. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0, మంగళవారం మెంఫిస్‌లో మిసిసిపీ యూనివర్సిటీ మీద 12-0. ఆరు రోజులు, ఐదు మ్యాచ్‌లు, మొత్తం 91 పాయింట్లు. ఎదుటివాళ్లకు ఒక్క పాయింటూ దక్కలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇంతకు మించిన సీజన్ ఇంకొకటి లేదని నా నమ్మకం. సెవానీ టెన్నెసీలో కంబర్లాండ్ పీఠభూమి మీద అడవుల మధ్య ఉంటుంది. పక్కనున్న వాండర్‌బిల్ట్‌తో టికెట్ల డబ్బు పంపకంలో పేచీ వచ్చి, బాగా రాబడి తెచ్చే ఆ ఏటి మ్యాచ్ ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి జట్టు మేనేజర్‌గా ఉన్న ల్యూక్ లీ అనే విద్యార్థి ఈ యాత్ర కుదిర్చాడు. తర్వాతి కాలంలో అమెరికా సెనేటర్ అయింది ఈయనే. రానూపోనూ దాదాపు 2,500 మైళ్లు, నిద్రంతా రైల్లోనే. ఊరూరి నీళ్లు పడక కడుపులు పాడవుతాయని సెవానీ ఊటనీళ్లు పీపాల్లో నింపి వెంట తీసుకెళ్లారు. ఆట బూట్లేమో స్టేషన్ ప్లాట్‌ఫాం మీదే మర్చిపోయారనీ, వెనక వచ్చే రైల్లో తెప్పించుకున్నారనీ చెబుతారు.

అప్పటి ఆట తీరు తెలిస్తేనే ఈ అలసట ఎంతటిదో అర్థమవుతుంది. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిషేధం. కాబట్టి ఆటంతా ఒకరి మీద ఒకరు పడి తోసుకోవడమే. హెల్మెట్ తప్పనిసరి కాదు. దాడికీ, రక్షణకీ అదే పదకొండు మంది. ఇప్పుడు రెండు మ్యాచ్‌ల మధ్య వారం విరామం మామూలు. కాబట్టి ఈ రికార్డును బద్దలు కొట్టే అవకాశం కూడా ఎవరికీ రాదు. ఆ సీజన్‌లో సెవానీ ఆడిన పన్నెండూ గెలిచింది. మొత్తం స్కోరు 322-10. ఆ పది పాయింట్లూ ఆబర్న్ ఒక్కటే సాధించింది. ఆ మ్యాచ్ 11-10తో గట్టెక్కింది.

ఇదే సెవానీ 1932లో దక్షిణాది హేమాహేమీల లీగ్ ఎస్‌ఈసీకి వ్యవస్థాపక సభ్యురాలైంది. లీగ్‌లో ఆడిన 37 మ్యాచ్‌లూ ఓడి, 1940లో బయటికొచ్చింది. ఇప్పుడు ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వని డివిజన్ త్రీలో ఆడుతోంది.

అతి పెద్ద ఓటమి కూడా టెన్నెసీ చిన్న కాలేజీదే. 1916 అక్టోబర్ 7న అట్లాంటాలో జార్జియా టెక్ 222, కంబర్లాండ్ 0. కంబర్లాండ్ అప్పటికే ఫుట్‌బాల్ ఆపేసింది. కానీ ఒప్పుకున్న మ్యాచ్‌కు రాకపోతే 3,000 డాలర్లు కట్టాలి. దాంతో దొరికిన కుర్రాళ్లను పోగేసుకుని వెళ్లారు. అంతకుముందు బేస్‌బాల్‌లో కంబర్లాండ్ చేతిలో 22-0తో ఓడిన కసి జార్జియా టెక్ కోచ్ జాన్ హైస్‌మన్‌కు ఉంది. సగం ఆటకే 126-0. అప్పటికైనా ఆయన చెయ్యి ఆపి ఉండాల్సింది.

హార్వర్డ్‌కు మాత్రం ఓ చిన్న కాలేజీ గట్టి దెబ్బే కొట్టింది. కెంటకీలోని డాన్‌విల్‌లో ఉన్న సెంటర్ కాలేజీలో అప్పుడు విద్యార్థులు మూడొందల మంది కూడా లేరు. 1920లో హార్వర్డ్ చేతిలో 31-14తో ఓడింది. మళ్లీ ఏడాది వాళ్ల మైదానంలోనే బో మెక్‌మిలిన్ 32 గజాలు పరిగెత్తి చేసిన టచ్‌డౌన్‌తో 6-0గా గెలిచింది. డాన్‌విల్ జనం ఆ స్కోరును రసాయన సూత్రంలా ‘సీ6హెచ్0’ అని గోడల మీద రాసుకున్నారు.

ప్రతి ఎత్తుగడకు ముందు ఆటగాళ్లు గుండ్రంగా చేరి, తలలు దగ్గరపెట్టుకుని మాట్లాడుకోవడం టీవీలో చూసే ఉంటారు. దీన్ని ‘హడిల్’ అంటారు. ఇది పుట్టింది వాషింగ్టన్‌లో బధిరుల కోసం నడిచే గాలోడెట్ కాలేజీలో. 1890లలో పాల్ హబ్బర్డ్ అనే ఆటగాడు తన చేతి సైగలు ఎదుటి జట్టుకు కనబడకుండా మనుషులను చుట్టూ నిలబెట్టాడు. ఆ తర్వాతి కాలంలో ఆ జట్టు మైదానం అంచున ఒక పెద్ద డ్రమ్ము పెట్టింది. దాని మీద పడే దెబ్బల అదురు ఒంటికి తగిలినప్పుడు, ఎప్పుడు కదలాలో ఆటగాళ్లకు తెలిసేది. వినికిడి ఉన్నవాళ్లంతా ఈరోజు వాడుతున్న పద్ధతిని వినబడనివాళ్లు కనిపెట్టారన్నది ప్రతి వ్యాఖ్యాతా ప్రతి మ్యాచ్‌లో చెప్పాల్సిన మాట.

వరస విజయాల్లో ఒహాయోలోని మౌంట్ యూనియన్‌ది అందరికంటే పైచేయి. 1996 నుంచి 54 గెలిచి, 1999లో ఒకటి ఓడి, మళ్లీ 55 గెలిచింది. 110 మ్యాచ్‌ల్లో ఓడింది ఒక్కటే! 2003 ఫైనల్లో 24-6తో దాన్ని ఆపింది మినెసోటాలోని సెయింట్ జాన్స్. ఆ జట్టు కోచ్ జాన్ గాలియార్డి అదే సీజన్‌లో మరో కోచ్ ఎడ్డీ రాబిన్సన్ 408 విజయాల రికార్డును దాటి, చివరికి 489 దగ్గర ఆగారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అంతకు మించి గెలిచిన కోచ్ లేరు. ఆయన ప్రాక్టీసులో ఒకర్నొకరు పడగొట్టుకోవడం నిషేధం, ఈలలు లేవు. తనను ‘కోచ్’ అనొద్దని, పేరుపెట్టి ‘జాన్’ అని పిలవమనేవారు. 2012 సీజన్ తర్వాత తప్పుకునేనాటికి ఆయన వయసు 86.

ఇక ఒక్క ఎత్తుగడ విషయానికొస్తే 2007 అక్టోబర్ 27నాటి మ్యాచ్ చూడాలి. జాక్సన్‌లో రెండు చిన్న కాలేజీల పోరు: మిల్‌సాప్స్ 24, ట్రినిటీ 22. మిగిలింది రెండే సెకన్లు. గడియారం సున్నాకొచ్చినా బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టేదాకా ఆట ఆగదు. కాబట్టి పట్టుబడబోయే ప్రతిసారీ ట్రినిటీ కుర్రాళ్లు బంతిని వెనక్కో పక్కకో అందించుకుంటూ పోయారు. అలా 15 సార్లు. నిమిషం గడిచింది. బరువైన ముందువరస వాళ్లు కూడా బంతి పట్టుకుని పరిగెత్తారు. 61 గజాలు దాటి టచ్‌డౌన్. ట్రినిటీ 28, మిల్‌సాప్స్ 24.