నాలుగున్నర వేల తీగ

ద్వారకా నగర్‌లో టీవీ కొనడానికి వెళ్లినవాడు టీవీ ఒక్కటే కొనుక్కొని బయటపడడం సామాన్యమైన విషయం కాదు. కిందటి దసరాకు మా బావగారి వెంట నేనూ వెళ్లాను. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. రూపాయి తీసేముందు మూడుసార్లు ఆలోచిస్తారు. గంటన్నరసేపు బేరమాడి టీవీ మీద రెండు వేలు తగ్గించారు. తీరా బిల్లు వేసేవేళకు దుకాణంలోని కుర్రవాడు నల్లని పెట్టె ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. అందులో జడలా అల్లిన తొడుగుతో ఒక తీగ, కొసలకు బంగారు పూత.

"సెట్‌టాప్ బాక్సుకీ టీవీకీ మధ్య వేసే హెచ్‌డీఎంఐ కేబులండి. నాలుగున్నర వేలు. మూడువందల యాభైకీ ఉందనుకోండి. కాని ఇంత మంచి టీవీ కొని ఆ కేబుల్ తగిలిస్తే బొమ్మకి కళ రాదు గురువుగారూ!"

"పోనిద్దురూ, ఎలాగూ ఇంత పెడుతున్నాం" అంది మా అక్కయ్య. బావగారు నావైపు చూశారు. బేరంలో మిగిల్చిన రెండు వేలూ పోగా, ఇంకో రెండున్నర వేలు ఎదురు. నాలుగున్నర వేలంటే ఆ ఇంట్లో ఇద్దరికీ రెండు నెలల మందులు.

తీగ మంచిదైతే బొమ్మ బాగుంటుందనే నమ్మకం ఊరికే పుట్టింది కాదు. మన దేశంలో దూరదర్శన్‌కు రంగులు వచ్చింది 1982లో. ఆ కాలంలో డాబామీద యాంటెన్నా, అక్కడినుంచి గదిలోకి రెండు పోగుల చదునైన తీగ ఉండేవి. సముద్రపు ఉప్పుగాలికి అతుకుల దగ్గర చిలుము పట్టిందా, తెరమీద మంచు కురిసేది. సంకేతం ఎక్కడైనా తగిలి తిరిగొస్తే ప్రతి మనిషి పక్కనా ఒక నీడమనిషి నిలబడేవాడు. తీగ మారిస్తే బొమ్మ నిజంగానే మెరుగయ్యేది. ఎందుకంటే ఆనాడు తీగలో వచ్చేది బొమ్మ తాలూకు అలే. అల ఎంత నలిగితే బొమ్మ అంత నలిగేది.

ఆ రోజులు పోయాయి. 2013లో కేబుల్ టీవీ డిజిటల్ మార్పు రెండో విడతలో చేరిన 38 నగరాల్లో హైదరాబాదుతోపాటు విశాఖ కూడా ఉంది. ఇప్పుడు పెట్టెనుంచి టీవీకి పోయేది అల కాదు, అంకెలు. ఒకటి, సున్నా, అంతే. పూర్వపు టెలిగ్రాము జ్ఞాపకం ఉన్నవారికి ఇది సులభంగా బోధపడుతుంది. "వెంటనే బయలుదేరు" అన్న తంతి ఎంత మంచి తీగమీద వచ్చినా ఆ రెండు మాటలే. తీగ ఖరీదైనదని అక్షరాలకు అందం రాదు. తీగ మరీ చెడితే అక్షరం తారుమారవుతుంది, లేదా తంతే రాదు.

టీవీలోపలి యంత్రం ప్రతి సంకేతాన్నీ చూసి ఇది ఒకటా సున్నానా అని తేల్చుకుంటుంది. సంకేతం కొంచెం బలహీనపడినా తీర్పు మారదు, కనుక బొమ్మా మారదు. బలహీనత ఒక హద్దు దాటితే మాత్రం ఒక్కసారిగా కిందపడుతుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ అంచున ఒక అడుగు ఎక్కువ వేసినట్లు! అప్పుడు తెరమీద మిణుగురుల్లాంటి చుక్కలు కనిపిస్తాయి, లేదా తెర నల్లబడుతుంది. అంతేకాని రంగులు కాస్త వెలిసిపోవడం, మొహాల్లో కళ తగ్గడం తీగవల్ల జరిగే పని కాదు. అది టీవీ అమరికల సంగతి. దుకాణంలో రెండు టీవీలు పక్కపక్కన పెట్టి కేబుళ్ల తేడా చూపిస్తే, రెండింటి అమరికలూ ఒకటేనా అని అడగండి.

అయితే తీగలన్నీ ఒకటేనా? కావు. హెచ్‌డీఎంఐ మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వచ్చింది. నాటినుంచి బరువు పెరుగుతూనే ఉంది. మామూలు హెచ్‌డీ ఛానలుకు తీగలో సెకనుకు సుమారు 223 కోట్ల అంకెలు పరుగెత్తితే చాలు. 4కే బొమ్మను సెకనుకు 60సార్లు చూపాలంటే దాదాపు 1,782 కోట్లు కావాలి. అందుకే తీగలకు తరగతులు పెట్టారు. హై స్పీడ్ 1,020 కోట్లకు, ప్రీమియం హై స్పీడ్ 1,800 కోట్లకు, అల్ట్రా హై స్పీడ్ 4,800 కోట్లకు సరిపోతాయి. చివరి రెండు తరగతులకూ పరీక్ష ఉంది. నెగ్గిన సరుకు పెట్టెమీద ఫోనుతో చదివించి సరిచూసుకోదగిన ముద్ర వేస్తారు. చూడవలసింది ఆ ముద్రను. ధరను చూసి లాభం లేదు.

పొడవు మరో సంగతి. రాగితీగ పొడవయ్యేకొద్దీ ఈ వేగంలో సంకేతం సన్నగిల్లుతుంది. రెండు మీటర్లకు చింత లేదు. గోడలోంచి పది, పదిహేను మీటర్లు లాగి ప్రొజెక్టరుకు కలపాలంటే మాత్రం ఖర్చుపెట్టక తప్పదు. అలాంటిచోట కాంతితో పనిచేసే తీగలు కూడా వాడతారు. వాటికి ఏ కొస ఎటో గుర్తు ఉంటుంది, తిప్పి తగిలిస్తే పనిచేయవు. గోడ మూసేముందే పరీక్షించుకోవడం మంచిది.

బంగారు పూతను మాత్రం నేను వెక్కిరించను. బంగారం చిలుము పట్టదు, మన ఊరి గాలికి అది అవసరమే. కాని ఆ పలుచని పూత మూడువందల యాభై తీగకూ ఉంది! నేనే విప్పి బావగారికి చూపించాను. ఆయన మారుమాట లేకుండా చవకదే పుచ్చుకున్నారు. ఇంటికి వెళ్లి తగిలించాం. బొమ్మ నిక్షేపంలా వచ్చింది.

సంక్రాంతికి మేనల్లుడు బెంగుళూరునుంచి ఆటల యంత్రం పట్టుకొచ్చి అదే తీగకు కలిపాడు. 4కే, సెకనుకు 120 బొమ్మలు. నిమిషానికోసారి తెర నల్లబడి మళ్లీ వెలగసాగింది. "చూశావా, ఆ కుర్రాడు చెప్పిందే నిజమేమోనోయ్!" అన్నారు బావగారు. మళ్లీ ద్వారకా నగర్ వెళ్లి, ముద్ర ఉన్న అల్ట్రా హై స్పీడ్ తీగ రెండు మీటర్లది తొమ్మిదివందలకు తెచ్చాం. తెర నిలబడింది. పాత తీగ ఇప్పటికీ సెట్‌టాప్ బాక్సు వెనుక పనిచేస్తూనే ఉంది.